ఏడు రంగుల దీపాల దొరగారికి

పర్లాకిమిడి,
ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

మహారాజశ్రీ గేమింగ్ కంప్యూటర్ గారి దివ్య సముఖానికి,

మధ్యాహ్నం నుంచి మీ ముందు మోకాళ్ల మీదే ఉన్నాను కనుక వేరే సాష్టాంగ నమస్కారం అక్కరలేదనుకుంటాను.

రెండు గంటలకు ఆట. సరిహద్దు అవతల పాతపట్నం నుంచి మా బావమరిది, విశాఖ నుంచి వాడి స్నేహితులిద్దరు, ఇక్కడి నుంచి నేను. నలుగురికీ ఒకేసారి తీరిక దొరికి నెల దాటింది. కొట్టు మూసి, భోజనం ముగించి, పెరుగన్నం చెయ్యి కడుక్కున్న తడి ఆరకముందే మీ బొత్తాం నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. దీపాలు వెలిగాయి. బొమ్మ మాత్రం పడలేదు. 'సిగ్నల్ లేదు' అనే చిన్న గడి తెర మీద కాసేపు తేలి, అదీ మాయమైంది.

మీ పాత ఘనకార్యాలను తవ్వే ఉద్దేశం నాకు లేదు. సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగల 144 హెర్ట్జ్ మానిటర్‌ను ఏడాది పాటు 60లోనే నడిపించి, నాచేత 'ఆహా, ఎంత నునుపుగా కదులుతోందో' అని అనిపించుకున్నారు. క్షమించాను. మే నెలలో ప్రాసెసర్ 95 డిగ్రీలకు ఎక్కి ఆట నత్తనడక నడిస్తే, లోపల పేరుకున్న దుమ్మును చూసి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. కరెంటు పోయినప్పుడు మిమ్మల్ని నిలబెట్టవలసిన యూపీఎస్ ఒక్క కేక పెట్టి మీకన్నా ముందే కన్నుమూస్తుంది. దాని పాపం దానిది.

మీ భాష సంగతి మాత్రం ఊరి పరువుకు సంబంధించినది, కనుక అడుగుతున్నాను. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతూ, జనం మాట్లాడే తెలుగులో రాయమని పండితులతో పోరాడారు. అంతటితో ఆగక సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. ఆ ఊళ్లో కూర్చుని మీరు పాడైనప్పుడల్లా నీలి తెర మీద సున్నా, ఎక్స్, మళ్లీ వరసగా సున్నాలు చూపించి అదే సమాధానం అంటారా? మీ పూర్వీకులు జబ్బు చేస్తే కూతలు పెట్టేవారు: ఒక పొడుగు, రెండు పొట్టి. ఛందస్సు చదివినవాడికి అది భగణం. మదర్‌బోర్డులు తయారుచేసేవారికి మాత్రం ఒకచోట తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు చెడిందని, ఇంకొకచోట జ్ఞాపకం పలక, అదే ర్యామ్, కనబడలేదని అర్థమట. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు గిడుగు వారు కోపంతో రాజమండ్రి వెళ్లిపోయారు. ఇప్పుడు ఉండి ఉంటే మీ ముందు ఒక్క పూట కూర్చుని వెళ్లిపోయేవారు.

రిపేరు కుర్రవాడికి ఫోను చేశాను. 'ఆసుఛి' అన్నాడు. మూడింటికి చేస్తే 'ఆసుఛి'. నాలుగున్నరకు కూడా 'ఆసుఛి'. ఒడియాలో అన్నా తెలుగులో అన్నా 'వస్తున్నాను' అనే మాటకు ఈ ప్రాంతంలో రానని అర్థం. ఇక నేనే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను.

మొదట మానిటర్ వైరు చూశాను. గ్రాఫిక్స్ కార్డుకే ఉంది. (కొన్న కొత్తలో దాన్ని బోర్డుకు తగిలించి రెండు రోజులు ఏడ్చాను. చవక అని, పేరు 'ఎఫ్' అక్షరంతో ముగిసే ప్రాసెసర్ కొన్నాను. అందులో గ్రాఫిక్స్ ఉండదని, బోర్డు వెనుక ఉన్న ఆ రంధ్రం నాకు ఉత్త అలంకారమని తర్వాత తెలిసింది.) వైరు మార్చాను. ప్లగ్గు పీకాను. కార్డు తీసి మళ్లీ బిగించాను. ప్రతిసారీ ప్లగ్గు పెట్టి బొత్తాం నొక్కడం, ప్రతిసారీ ఫ్యాన్లు, దీపాలు, నల్లటి తెర.

ఆ దీపాలు! దసరా బూజులు దులుపుతున్న మా అమ్మ గుమ్మంలో ఆగి, "ఇన్ని దీపాలు వెలుగుతున్నాయి కదరా, బొమ్మ ఒక్కటే పడలేదేం?" అంది. నా దగ్గర సమాధానం లేదు. నీ దగ్గర ఉందా? అవును, నువ్వే, నిన్నే అడుగుతున్నాను. ర్యామ్ మీద దీపాలు, ఫ్యాన్లకు దీపాలు, కార్డు అంచున దీపాలు, చివరికి మౌసు కడుపులో కూడా దీపం. వాటికి నీ బుర్రతో పని లేదు, కరెంటు అందితే చాలు. ఒళ్లు చచ్చుబడినా నగలు తళతళలాడుతుంటాయి. వాటికి నేను విడిగా డబ్బు పోశాను!

ఆరు గంటలకు, టార్చి నోట కరుచుకుని లోపలికి తొంగిచూస్తే, గ్రాఫిక్స్ కార్డు నీడలో ఆవగింజంత పసుపు దీపం కనబడింది. పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో 'డీర్యామ్' అని ఉంది, అంటే జబ్బు ర్యామ్‌ది. అంటే నాలుగు గంటలుగా నువ్వు చెబుతూనే ఉన్నావు! రోగం చెప్పే దీపం ఆవగింజంత, గొప్పలు చెప్పే దీపాలు అరచేయంత. నిన్ను ఇలా తయారుచేసినవాడు ఎదురుపడితే ఆ అరచేతి కొలత అతని చెంప మీదే చూపిస్తాను.

మొన్న అమ్మ కింద తుడవడానికి నిన్ను జరిపింది. అప్పుడే కదిలినట్టుంది, ర్యామ్ ఒక చివర వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. రెండు పలకలూ తీశాను. మా అబ్బాయి పెన్సిల్ డబ్బాలోని రబ్బరుతో వాటి బంగారు పళ్లను మెల్లగా రుద్దాను. దినపత్రిక మీద బూడిద రంగు పొట్టు రాలింది. ఊది, ఒక్క పలకనే ప్రాసెసర్ నుంచి రెండో గాడిలో పెట్టి, రెండు బొటనవేళ్లతో అదిమాను. టిక్కుమంది.

బొమ్మ పడలేదు. ఆపేశాను. మళ్లీ వేశాను. ఆపేశాను. మూడుసార్లు ఇదే. నాలుగోసారి విసుగెత్తి అలాగే వదిలేసి టీ తాగడానికి వెళ్లాను. వచ్చేసరికి తెర వెలుగుతోంది. ర్యామ్ డీడీఆర్5 అనే కొత్త తరానిది కాబట్టి, తీసి పెట్టాక దాన్ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చట. మూడుసార్లూ దాని గొంతు మధ్యలో నొక్కింది నేనే! 'ఆగండి, చూస్తున్నాను' అని చెప్పడానికి ఇన్ని దీపాల్లో ఒక్కదాన్ని రెండుసార్లు ఆర్పి వెలిగించలేకపోయావా?

రెండో పలక కూడా పెట్టాను. 6000 వేగం ర్యామ్ ఇప్పుడు 4800 దగ్గర కూర్చుంది. బయోస్ అనే నీ మూల అమరికల్లోకి వెళ్లి మళ్లీ లేపాలి. ఆదివారం అయిపోయింది. బావమరిది ఆరింటికే మానుకున్నాడు, 'రేపు కొట్టు తీయాలి కదా బావా' అని.

ఇట్లు,
తమ యజమానినని భ్రమపడినవాడు.

తా.క.: పదకొండు అవుతోంది. నిన్ను పద్ధతిగా ఆపేశాను. ఫ్యాన్లు ఆగాయి, తెర ఆరింది, మౌసు మాత్రం వంగపండు రంగులో వెలుగుతూనే ఉంది. ప్లగ్గు పీకబోతుంటే అమ్మ అడ్డుపడింది: "ఉండనీరా. రాత్రి నీళ్లకు లేస్తే దారి కనబడుతుంది."