స్పోర్ట్స్ కారు కొత్తదా, పాతదా? విశాఖ తేల్చుకోవాల్సిన వేళ

విశాఖపట్నంలో సమస్యలకు కొదవ లేదు. ఉక్కు కర్మాగారం కోసం ధర్నాలు చేశాం, రైల్వే జోన్ కోసం గొంతులు పోగొట్టుకున్నాం, మెట్రో కోసం ఎదురుచూడటం పిల్లలకు కూడా నేర్పించాం. ఇన్ని ఉద్యమాల మధ్య ఒక వర్గం గోడు మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. ఫ్లాటు లోను తీరిపోయి, పిల్లలు అమెరికాలో కుదురుకుని, షుగరు మాత్ర మొదలైన యాభై దాటిన మగవాళ్లు వీళ్లు. స్పోర్ట్స్ కారు కొత్తది కొనాలా, సెకండ్ హ్యాండ్‌ది కొనాలా అని రాత్రుళ్లు మంచం మీద దొర్లుతున్నారు. వీళ్లకు సంఘం లేదు, జెండా లేదు. జీవీఎంసీ దగ్గర గాంధీ విగ్రహం ముందు టెంటు వేసుకునే ధైర్యం అసలే లేదు, ఇంట్లో తెలిసిపోతుంది కదా. కాబట్టి వాళ్ల తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి.

ఎందుకయ్యా ఈ కారు అంటే, వేగం కోసం అంటారు. నమ్మకండి. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఏ కుర్రాడిదో పసుపు రంగు కారు గుర్రుమంటూ పోతుంటే, మురీ మిక్చర్ పొట్లం చేతిలో పట్టుకున్న జనమంతా తల తిప్పి చూస్తారు. మన పెద్దమనిషి ఆ కారును చూడడు. తిరిగిన తలల్ని లెక్కపెట్టుకుంటాడు. ఆ రాత్రే ఫోన్లో వెతకడం మొదలవుతుంది.

నిజంగా వేగమే కావాలంటే విశాఖలో దానికి చోటెక్కడ? పోర్షే 911 నిలబడ్డ చోటు నుంచి నాలుగు సెకన్లలో వంద అందుకుంటుంది. హనుమంతవాక జంక్షన్లో ఆ నాలుగు సెకన్లలో మనకు అందేది ముందున్న సిటీ బస్సు బంపరే. బీచ్ రోడ్డు ఖాళీగా కనిపించే తెల్లవారుజామున వాకర్ల కోసం బండ్లు ఆపేస్తారు. రుషికొండ దాటాక భీమిలి వైపు రోడ్డు బాగానే ఉంటుంది, కానీ అక్కడ రోడ్డు మధ్యలో పడుకున్న గేదెలకు ఇటలీ బండికీ ఇసుక ట్రాక్టరుకీ తేడా తెలియదు. పట్టణ రోడ్ల మీద కార్ల వేగానికి 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి గంటకు 70 కిలోమీటర్లు. ఈ బండ్లు రెండో గేరులోనే వంద దాటేస్తాయి. మిగతా గేర్లు ఉత్తినే మోసుకు తిరగాలి. మీరి తొక్కితే, 2019 సవరణ తర్వాత, కారుకు వెయ్యి నుంచి రెండు వేల దాకా జరిమానా. కోటి పెట్టి కొన్నవాడికి రెండు వేలు లెక్క కాదు. చలానా మెసేజి భార్య ఫోనుకు వెళ్లడమే లెక్క.

ఆ మాటకొస్తే బీచ్ రోడ్డు మీద గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని నిలకడగా చూపించి, ఊరంతా గుర్తుపెట్టుకునేలా చేసింది ఒక్కటే. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్. దానికీ చలానా రాయలేదు.

ఇక ఎత్తు సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ స్పీడ్ బ్రేకర్‌కు కొలత పెట్టింది: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, పాతిక కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేలా. చాలా స్పోర్ట్స్ కార్ల పొట్టకీ నేలకీ మధ్య ఉండే ఖాళీ 11, 12 సెంటీమీటర్లు. కాగితం మీద సరిపోయింది. కానీ మన కాలనీల్లో స్పీడ్ బ్రేకర్ వేసేది ఇంజనీరు కాదు. ఎవరింటి ముందు పిల్లాడు సైకిల్ మీంచి పడ్డాడో ఆ ఇంటాయన, మిగిలిపోయిన కాంక్రీటు. ఆయన కోపం ఎంత ఎత్తో స్పీడ్ బ్రేకరూ అంత ఎత్తు. ముక్కును నాలుగు సెంటీమీటర్లు పైకెత్తే మీట కొన్ని బండ్లలో ఉంటుంది, దానికి వేరే డబ్బు. సీతమ్మధార నుంచి సిరిపురం దాకా ఆ మీట నొక్కుతూ, వదులుతూ వెళ్లేవాడిని చూస్తే హార్మోనియం వాయిస్తున్నాడనుకుంటారు.

సరే, కొత్తదే కొందామని తీర్మానించుకున్నారనుకుందాం. ఎంత మంచి పని! 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతం. అంటే షోరూంలో కోటి రూపాయలని చీటీ కట్టిన కారులో 28 లక్షల 57 వేలు పన్నే. దాని మీద మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్సు, ఇరవై లక్షలు దాటిన బండికి 18 శాతం. ఈ రెండూ కలిపితే 46 లక్షల పైనే ప్రభుత్వానికి. విదేశాల నుంచి బండి నిలువునా దిగుమతి అయితే, కస్టమ్స్ వాళ్లది వేరే పద్దు. అదీ తక్కువేం కాదు. రోడ్డు మీద గోతులున్నాయని విసుక్కునే జనం, ఆ రోడ్డుకు ఇంత సమర్పించుకున్న మనిషి ఎదురుగా వస్తే కనీసం పక్కకు జరగరు. శాలువా కప్పాల్సింది పోయి హారన్ కొడతారు.

అక్కడితో త్యాగం ఆగదు. బీమా కంపెనీల పట్టిక చూడండి. ఆరు నెలల లోపు బండి విలువలో 5 శాతం కోత, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, ఐదేళ్లు నిండేసరికి సగం. బండి తిరిగినా, సెల్లార్లో గుడ్డ కప్పుకుని పడుకున్నా కోత కోతే. ఇంతకీ ఆ సగం ఎటు పోయింది? రెండో కొనుగోలుదారుడి జేబులోకి. ముక్కూమొహం తెలియని మనిషికి ఒకడు అరకోటి దానం చేసి, పైగా తానే గొప్పవాడినని అనుకోవడం లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

మరి కొత్త కారులో లాభమే లేదా అంటే, ఒకటుంది. ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు పూజ. ఈ ఊళ్లో బండి కొన్నట్టు లెక్క అక్కడే. షోరూంలో కాగితాల మీద సంతకం పెట్టినంత మాత్రాన అది మీది కాదు. బానెట్ మీద పసుపు స్వస్తికం పడాలి, దండ వేలాడాలి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు నలగాలి, కొబ్బరికాయ పగలాలి. ముందు స్కూటీ, వెనక బొలేరో, మధ్యలో మీ ఎర్ర రాకాసి. ఎటు చూసినా ఫోన్లు. ఆ పది నిమిషాల కోసమే కొత్త కారు కొంటున్నానని నిజాయితీగా ఒప్పుకునేవాడికి నేను అడ్డు చెప్పను.

సెకండ్ హ్యాండ్ బండికీ పూజ చేయిస్తారు, చేయించకూడదని ఎవరూ అనరు. కానీ పూజారి గారు రిజిస్ట్రేషన్ నంబరు చూస్తారు, మీరు చూడనట్టు నటిస్తారు. విశాఖ పాత కోడ్ ఏపీ 31 ఉంటే మరీ ఇబ్బంది. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చింది కాబట్టి, 31 అంటే అంతకు ముందుదని కొబ్బరికాయలు అమ్మేవాడు కూడా చెప్పగలడు. అయితే ఇప్పుడు పాత వైజాగ్ వాళ్లలో 31కి ఒక గౌరవం మొదలైంది. మేం ముందునుంచీ ఉన్నవాళ్లం అని చెప్పుకోడానికి. రెండో చేతి బండికి ఇంతకు మించిన వంశవృక్షం దొరకదు.

ఆషాఢం విషయంలో మాత్రం పండితులు ఇంకా స్పష్టత ఇవ్వాల్సి ఉంది. ఆషాఢంలో కొత్త బండి కొనకూడదు, సరే. పాత బండి కొనవచ్చా? దాని మొదటి యజమాని శ్రావణ శుక్రవారం నాడే కొన్నాడు కదా, ఆ ముహూర్తం బండితో పాటే వస్తుందా, లేక ఆర్సీ మారగానే రద్దవుతుందా? పేరు మార్పుకు నింపే ఫారం 29, 30లో దీనికి గడి లేదు. రవాణా శాఖ ఆలోచించాలి.

కార్ల కన్సల్టెన్సీకి వెళ్దాం. అక్కడ ఏ బండి మీద చెయ్యి వేసినా దాని చరిత్ర పవిత్రంగా ఉంటుంది.

"డాక్టర్ గారి బండి సార్. ఆదివారం తప్ప తీసేవారు కాదు."

"మరి ఇరవై ఎనిమిది వేల కిలోమీటర్లు?"

"ఆదివారాలు ఎక్కువున్నాయి సార్."

డాక్టరు కాకపోతే నేవీ ఆఫీసర్. బదిలీ అయిపోయారట, అందుకే ఇచ్చేస్తున్నారట. విశాఖలో అమ్మకానికి వచ్చిన నేవీ ఆఫీసర్ల కార్లన్నీ నిజమే అయితే తూర్పు నౌకాదళానికి ఓడల కంటే పార్కింగే పెద్ద సమస్య అయ్యుండాలి. ఢిల్లీ బండి చవకగా వచ్చిందంటే సంతోషించే ముందు ఆగండి. అక్కడ డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు గడువుండేది. గడువు దగ్గరపడ్డవి దక్షిణాదికి వానప్రస్థానికి బయల్దేరేవి. ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు కట్టాలి, బ్యాంకు లోను తీరిందని ఫారం 35 చూపించాలి. చవకదనం రాయగడ దాటేలోపే సగమైపోతుంది.

టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారైందని. బండి రెండు వేల కిలోమీటర్లే తిరిగిందని చెప్పి టైర్లు మాత్రం నిన్న మొన్నటివైతే, ఆ పాతవి ఏమయ్యాయో అడగండి. బీమా క్లెయిముల చరిత్ర తెప్పించండి. ఇంజనులోకి నీళ్లు వెళ్లిన బండి బయటికి ఎంత మెరిసినా, సీటు కింద కార్పెట్ ఎత్తితే వాసన అబద్ధమాడదు.

ఇంకో సంగతి, అసలు సంగతి. కారు ధర సగమవుతుంది, దాని సామాను ధర సగమవదు. ఐదేళ్ల నాటి కోటి రూపాయల బండి యాభై లక్షలకు దొరికిందని మీరు మురిసిపోవచ్చు, కానీ దాని బ్రేక్ డిస్కుకు ఆ విషయం తెలియదు. అది ఇంకా కోటి రూపాయల కారు డిస్కే. కార్బన్ సిరామిక్ బ్రేకులైతే మార్చే ఖర్చు లక్షల్లో. డ్యూయల్ క్లచ్ గేరుబాక్సు గాజువాక ట్రాఫిక్‌లో అడుగులో అడుగు వేస్తూ వేడెక్కి కాలిపోతే, ఆ బిల్లుతో అనకాపల్లి దగ్గర ఎవరో స్థలం కొనుక్కోవచ్చు. వెనక టైర్లు వెడల్పు, మెత్తన, కాబట్టి త్వరగా అరుగుతాయి. లాంబొర్గిని అయితే షోరూం ఈ చుట్టుపక్కల లేదు. వారంటీ అయిపోయిన బండిని వందల కిలోమీటర్ల అవతలికి లారీ మీద పంపి, ఫోన్లో మెకానిక్‌తో ఇంగ్లీషులో మాట్లాడాలి. కొన్న ధరలో కనీసం నాలుగో వంతు పక్కన పెట్టలేనివాడు పాత స్పోర్ట్స్ కారు జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం. అంత డబ్బు పక్కన పెట్టగలిగితే కొత్తదే కొనేవాడిని కదా అంటారు. అదీ నిజమే.

విశాఖలో ఏ కారుకైనా సముద్రం ఒక భాగస్వామి. లాసన్స్ బేలో సముద్రానికి ఎదురుగా ఫ్లాట్ కొన్నవాడిని అడగండి. ఉప్పుగాలి ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ను ఎలా తిన్నదో, గేటు గొళ్లాన్ని ఎలా తిన్నదో చెబుతాడు. డిస్కులకు రాత్రికి రాత్రే తుప్పు, అల్లాయ్ చక్రాలకు బుడిపెలు, వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి పూత. ఆ పైన పోర్టు వైపు నుంచి బొగ్గు ధూళి. తెల్ల కారు కొన్న పాతూరి వాళ్లకు ఆర్నెల్లలో బూడిద రంగు కారు ఉచితం. పాత బండి హైదరాబాద్‌దైతే నయం అనుకుని తెచ్చుకుంటారు. తెచ్చి పెట్టేది ఇక్కడే కదా.

ఇంట్లో వాళ్ల అభిప్రాయం అడగకపోతే బాగుండదు. టెస్ట్ డ్రైవ్‌కు భార్యను తీసుకెళ్లారు. ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "వెనక సీటేదండీ? మరి అత్తయ్య గారు ఎక్కడ కూర్చుంటారు?" అంది. పెద్దమనిషి కళ్లలో ఒక్క క్షణం వెలుగు కనిపించిందని సేల్స్ కుర్రాడి సాక్ష్యం. ఎక్కడం సులువుగానే అయింది. దిగడం దగ్గరే వచ్చింది చిక్కు. నేలకు అంత దగ్గరగా కూర్చున్నాక మోకాళ్లు సహకరించవు. తలుపు పట్టుకుని, పైకప్పు పట్టుకుని, చివరికి సేల్స్ కుర్రాడి భుజం పట్టుకుని లేచారు. ఆ కుర్రాడు బ్రోచర్‌లో లేని సౌకర్యం.

ఇంత చర్చా అయ్యాక ఈ వ్యాసకర్త ఓటు పాతదానికే. ఊరి సంప్రదాయం కూడా అదే చెబుతోంది. జలాంతర్గామి ఐఎన్ఎస్ కుర్సుర 31 ఏళ్లు నౌకాదళంలో తిరిగి, 2002 నుంచి బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉంది. దాని ఎదురుగానే టీయూ-142 విమానం. గంటకు తొమ్మిది వందల కిలోమీటర్లు దాటి ఎగిరేది, 29 ఏళ్లు సేవ చేసి 2017లో అక్కడికొచ్చి ఆగింది. బీచ్ రోడ్డు మీద తిరిగే ఏ కారూ ఆ వేగం అందుకోలేదు, అది కదలదు. రెండూ వాడేసినవే. వాటిని చూడ్డానికి టికెట్ కొనుక్కుని లైన్లో నిలబడతాం. ఆగి ఉన్న వేగానికి డబ్బులిచ్చే ఊళ్లో, ఆగి ఉండటానికే కొనే కారు మీద రెట్టింపు డబ్బు పెట్టడం దేనికి?

ఒక్క షరతు. అడ్వాన్స్ ఇచ్చే ముందు బండిని మీ సెల్లార్లోకి దింపి చూసుకోండి. కొండల ఊరు కదా, మన అపార్ట్‌మెంట్ ర్యాంపులు బిల్డరుకు మిగిలిన స్థలాన్ని బట్టి నిటారుగా ఉంటాయి. మాకు తెలిసిన ఒకాయన ఎంవీపీ కాలనీలో ఈ సంగతి ఆలస్యంగా గ్రహించారు. బండి సగం దిగింది, ముక్కు కింద తగిలింది, తోక రోడ్డు మీదుంది. పాలవాడు ఆగాడు, రెండో అంతస్తు బాల్కనీలు నిండాయి. ర్యాంపు తిరగకట్టించాలని ఆయన అసోసియేషన్‌కు అర్జీ పెట్టారు, ఖర్చు అన్ని ఫ్లాట్లకూ సమానంగా పంచాలని కూడా రాశారు. మీటింగులో సెక్రటరీ గారు అర్జీ మొత్తం ఓపిగ్గా చదివి, కళ్లజోడు తీసి, "ర్యాంపు దించడం కన్నా మీరు కారు ఎత్తు పెంచుకోవడం చవక కదండీ. అలాంటివి షోరూంలో దొరుకుతాయి, వాటిల్లో మీ అమ్మగారు కూడా పడతారు" అన్నారు. మినిట్స్‌లో అలాగే రాసుకున్నారు.