మనస్సాక్షి గుచ్చడం లేదంటే తప్పు లేనట్టేనా?

"నా మనస్సాక్షి నన్ను తప్పుపట్టడం లేదు" అని విశ్వాసులు తరచూ అంటుంటారు. ఆ మాటకు తిరుగు లేదన్నట్టు చర్చ అక్కడితో ఆగిపోతుంది. నాకైతే అది విన్నప్పుడల్లా సౌలు, అంటే తర్వాత పౌలు అయినవాడు, గుర్తొస్తాడు. యేసును నమ్మిన స్తెఫనును రాళ్లతో కొడుతుంటే, కొట్టేవాళ్ల పైబట్టలు అతని కాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆ రోజు అతని మనస్సాక్షి గుచ్చలేదు. యేసు నామానికి విరోధంగా పనిచేయడమే తన బాధ్యత అనుకున్నానని తర్వాత అగ్రిప్ప రాజు ముందు తానే ఒప్పుకున్నాడు.

మనస్సాక్షి దేవుడు మనలో పెట్టిన సాక్షే. కానీ ఏ సాక్షి అయినా తాను చూసినంత వరకే చెప్పగలడు. మనవాళ్ల భయాలు, మనకు లాభం తెచ్చే అలవాట్లు ఆ సాక్షి కళ్లకు గంతలు కట్టేస్తాయి. తిమోతికి రాసిన పత్రికలో పౌలు "వాత వేయబడిన మనస్సాక్షి" అన్నాడు. వాత పెట్టిన చోట చర్మం మొద్దుబారిపోతుంది, తర్వాత ఏది తాకినా తెలియదు.

ఇలా జరిగేది ఒక్క మనిషికే కాదు, ఒక సంఘం మొత్తానికి జరగవచ్చు. దక్షిణాఫ్రికాలోని డచ్ రిఫార్మ్‌డ్ సంఘాన్నే చూడండి. రంగు తేడా లేకుండా అందరూ కలిసే ప్రభురాత్రి భోజనంలో పాలుపొందాలని 1829లో దాని సినడ్ (సంఘ ప్రతినిధుల సభ) చెప్పింది. 1857లో మాత్రం, కలిసి ఆరాధించడమే లేఖనానుసారమని ఒప్పుకుంటూనే, "కొందరి బలహీనత" వల్ల ఇబ్బంది వచ్చే చోట నల్లజాతి విశ్వాసులకు వేరుగా ఆరాధన పెట్టవచ్చని తీర్మానించింది. బలహీనుల గురించి పౌలు కొరింథీయులకు రాసిన మాట నిజమే. అయితే అక్కడ ఆయన వదులుకోమన్నది విగ్రహాలకు అర్పించిన మాంసాన్ని, సహోదరుణ్ని కాదు. వీళ్లు బల్ల దగ్గర నుంచి మనిషినే లేపేశారు. లేఖనం తెలియక చేసింది కాదు ఇది, తెలిసి చేసుకున్న సర్దుబాటు. తర్వాతి తరాలకు అదే సిద్ధాంతమైంది. చివరికి వర్ణవివక్షకు బైబిల్లో ఆధారాలు చూపించే దాకా వెళ్లింది.

బేయర్స్ నౌడే ఆ సంఘం బిడ్డే. పాస్టర్ కొడుకు, తానూ పాస్టరే. శ్వేతజాతి ఆఫ్రికానర్ల ఆధిపత్యం కోసం పనిచేసిన బ్రూడర్‌బాండ్ అనే రహస్య సంస్థలో రెండు దశాబ్దాలకు పైగా సభ్యుడు. ఆయన ఒక్క రాత్రిలో మారలేదు. నల్లజాతి సంఘాల్లో సేవ చేస్తున్న కుర్ర పాస్టర్లు అక్కడి పరిస్థితులు చెబితే, స్వయంగా వెళ్లి చూశాడు. చూసి వచ్చాక పాత వాక్యాలు పాత అర్థంతో చదవడం ఆయన వల్ల కాలేదు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో నిరసనకు దిగిన నల్లజాతివారిపై పోలీసులు జరిపిన కాల్పులకు 69 మంది బలయ్యారు. 1963లో నౌడే "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అనే వాక్యం మీద ప్రసంగించి, తన పాస్టర్ పదవి వదిలేశాడు.

వెళ్లి చూడటం, మళ్లీ వాక్యం దగ్గరికి రావడం, ఆ తర్వాత నోరు విప్పడం. నాకు ఈ వరుస చాలా ముఖ్యం అనిపిస్తుంది. మనం చూడకుండానే మాట్లాడతాం, అదీ ఎక్కువగా బయటివాళ్ల పాపాల గురించి. దావీదుకు ధర్మశాస్త్రం తెలియక కాదు కదా! ఎవడో ధనవంతుడు పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్నాడనగానే కోపంతో మండిపడ్డాడు. "ఆ మనుష్యుడవు నీవే" అని ప్రవక్త నాతాను అనే దాకా, ఊరియా భార్యను తాను లాక్కున్న సంగతి గుర్తురాలేదు. నాతాను లాంటివాణ్ని "గొడవలు పెట్టేవాడు" అని పక్కన పెట్టే సంఘంలో ఎన్ని వాక్యాలు కంఠస్థం చేయించినా మనస్సాక్షి ఎదగదు. రేపు కమిటీలో ఏమంటారో, ఎవరు మాట్లాడటం మానేస్తారో అన్న టెన్షన్ నిజమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నౌడే చుట్టూ ఉన్న స్నేహితులు కూడా అలాగే దూరమయ్యారు.

1977లో ప్రభుత్వం ఆయన మీద నిషేధాజ్ఞ పెట్టింది. ఏడేళ్ల పాటు, ఒకసారికి ఒక్కరిని మించి కలవకూడదు. అదే సంఘం సినడ్ ఆయనకు క్షమాపణ చెప్పింది 1994లో. అప్పటికి ఆయన వయసు 79.