కాంటన్ లెక్కల్లో మన కాసు, మన గిడ్డంగి

నల్లమందు యుద్ధాల గురించి, దక్షిణ చైనా రేవు కాంటన్ (నేటి గ్వాంగ్‌జౌ)లో సాగిన పాతకాలపు టీ వర్తకం గురించి తెలుగులో వచ్చే రాతలు చాలావరకు ఇంగ్లిషు పుస్తకాల మీదే ఆధారపడతాయి. చిక్కంతా అక్కడే మొదలవుతోంది. క్యాష్, చాప్, ఫ్యాక్టరీ, లింగ్విస్ట్, కూలీ వంటి మాటలను ఈనాటి అర్థంతో చదివేసి అలాగే తెలుగు చేస్తే లెక్కలు తప్పుతాయి, మనుషుల స్థితిగతులు కూడా తారుమారవుతాయి.

ఈ మాటల్లో చాలావాటికి చైనా పుట్టిల్లు కాదు. పోర్చుగీసువాళ్లు మన దేశపు తీరాలు, మలక్కా దాటి చైనా తీరంలోని మకావ్ చేరారు. దారిలోని రేవుల్లో చెలామణీ అయ్యే మాటలు వాళ్లతోపాటే వెళ్లాయి, వెనకే వచ్చిన ఇంగ్లిషువాళ్లు వాటినే అందుకున్నారు. సంస్కృతంలోని ‘మంత్రి’ మలయ్ భాషలో ‘మెంతెరి’ అయి, పోర్చుగీసు నోట మరికాస్త మారి, చివరికి చైనా అధికారులకు ‘మాండరిన్’ అనే పేరుగా స్థిరపడింది. గోడౌన్ అన్నది మలయ్ ‘గుదాంగ్’. దాని వెనక మన గిడ్డంగి, తమిళుల కిడంగు ఉన్నాయని పండితుల అభిప్రాయం. వెండి పరీక్షించే షరాఫ్ మనకు తెలిసిన సరాఫే. హాంగ్ (వర్తక సంస్థ), హొప్పో (సుంకాల అధికారి), సాంపాన్ (చిన్న పడవ) వంటివి మాత్రం అచ్చంగా చైనావి.

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లకు చోటిచ్చే మాట క్యాష్. నగదు అనే అర్థంలో వాడే క్యాష్ ఐరోపా భాషల్లో డబ్బు పెట్టెకున్న పేరు నుంచి వచ్చింది. కాంటన్ క్యాష్‌కు దానితో సంబంధం లేదు. దక్షిణాది ‘కాసు’ పోర్చుగీసులో ‘కైషా’ అయి, నడిమధ్య చతురస్రపు రంధ్రం ఉండే చైనా చిల్లర నాణేనికి పేరైంది. తెలుగులో దాన్ని కాసు అనే రాయొచ్చు, అదే సరైనది కూడా. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఖాతాల్లో 1 టేల్ వెండి అంటే 10 మేస్‌లు, 100 కాండరీన్‌లు, 1,000 కాసులు. ఇక్కడ కాసు అంటే టేల్ వెండిలో వెయ్యోవంతు. బజారులో చేతులు మారే కాసుల మారకం విలువ ఊరిని బట్టి, కాలాన్ని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉండేది. ఖాతా కాసునూ బజారు కాసునూ ఒకటిగా చూస్తే కూలి రేట్లు, ధాన్యం ధరలు అన్నీ తలకిందులవుతాయి. ఆ రోజుల్లో టేల్ అంటే నాణెం కాదు, వెండి తూకం.

తూకాల్లో ఇంకో ఉచ్చు ఉంది. 16 టేళ్లు ఒక కాటీ, 100 కాటీలు ఒక పికుల్. పికుల్ అంటే మలయ్‌లో భుజాన మోసే బరువు. ఇంగ్లిషు వర్తకులు దాన్ని 133⅓ పౌండ్లుగా, అంటే సుమారు 60.5 కిలోలుగా లెక్కగట్టారు. ఆ లెక్కన కాటీ 605 గ్రాములు, టేల్ 37.8 గ్రాములు. నేటి చైనాలో కాటీ సరిగ్గా 500 గ్రాములు, అందులో టేళ్లు 10 మాత్రమే. ఇప్పటి మార్పిడి పట్టిక తీసి పాత ఓడల సరుకు లెక్కేస్తే 1,000 పికుళ్ల టీకి పది టన్నులకు పైగా మాయమవుతుంది. హాంకాంగ్ చట్టంలో మాత్రం పాత కాటీయే నిలిచింది.

డబ్బు లెక్క కట్టే పద్ధతికి ఒక ఉదాహరణ. కాంటన్‌కు దగ్గర్లో ఓడలు ఆగే వాంపోవాలో లంగరు వేసిన ఓడను హొప్పో మనుషులతో కొలిపించేవాడు. ముందు తెరచాప స్తంభం నుంచి వెనక స్తంభం దాకా పొడవును నడిమి వెడల్పుతో గుణించి, పదితో భాగించి, వచ్చిన అంకె మీద సుంకం వేసేవారు. దానికి తోడు చిన్న ఓడైనా పెద్ద ఓడైనా కంషా పేరిట చాలాకాలం 1,950 టేళ్లు కట్టాల్సిందే. 72 టేళ్లకు 100 స్పానిష్ డాలర్ల (వెండి నాణేల) చొప్పున అది సుమారు 2,708 డాలర్లు. ఈస్టిండియా కంపెనీ ఖాతాల్లో మూడు టేళ్లు ఒక పౌండు కాబట్టి అక్కడ 650 పౌండ్లుగా కనిపిస్తుంది. మూడు అంకెలూ ఒకే చెల్లింపువి. ఇది తెలియక కూడికలు వేస్తే ఒకే సొమ్మును మూడుసార్లు లెక్కపెట్టినట్టే.

కంషా అసలు అర్థం కృతజ్ఞత. అక్కడ మాత్రం అది రసీదు మీద కట్టే రుసుము. లంచం అని రాయడం అన్యాయం.

చాప్ మన ‘ఛాపా’, అంటే ముద్ర. అక్కడి నుంచి అది ఎన్ని దారులు పట్టిందో చూడండి. ముద్ర వేసిన అనుమతి పత్రం చాప్. బాకీలన్నీ తీరాక ఓడ కదలడానికి ఇచ్చేది గ్రాండ్ చాప్. ఒకే గుర్తుతో వచ్చిన టీ పెట్టెల వాటా కూడా చాపే, సరుకు మోసే పడవ చాప్ బోటు. షరాఫ్ డాలరును తూచి, మోగించి, వెండి మంచిదని తేలాక దాని మీద గుద్దే చిన్న గుర్తూ చాపే. చేతులు మారినకొద్దీ గుద్దులు పడి నాణెం గిన్నెలా వంగిపోయేది, చివరికి ముక్కలయ్యేది. ఆ ముక్కలకూ విలువ పోయేది కాదు, తూకానికి చెల్లేవి. అందుకే చాప్ కనిపించిన ప్రతిచోటా ముందూ వెనకా వాక్యాలు చదవకుండా తెలుగు చేయకూడదు.

1757 నుంచి 1842 దాకా పాశ్చాత్య ఓడలకు దాదాపుగా కాంటన్ ఒక్కటే తెరిచిన రేవు. అక్కడి పదమూడు ఫ్యాక్టరీల్లో సరుకేమీ తయారయ్యేది కాదు. ఫ్యాక్టర్లు, అంటే కంపెనీల ఏజెంట్లు, ఉండే ఇళ్లూ గిడ్డంగులూ అవి. 1611లో ఇంగ్లిషువాళ్లు మచిలీపట్నంలో పెట్టిందీ అలాంటిదే. కర్మాగారం అన్న మాట రెండుచోట్లా తప్పే, కోఠీ అంటే చక్కగా సరిపోతుంది. లింగ్విస్ట్‌ను భాషావేత్త అనడం ఇంకా పెద్ద తప్పు. అతను సుంకం కాగితాలు నడిపే లైసెన్సు మధ్యవర్తి, మాట్లాడేది పిడ్జిన్ ఇంగ్లిషు, అంటే వర్తకం కోసం పుట్టిన కలగాపులగపు ఇంగ్లిషు.

ఇక కూలీ. ఈ మాట మన ‘కూలి’ నుంచి వచ్చిందని కొందరు, గుజరాత్ కోలీల పేరు నుంచి వచ్చిందని కొందరు అంటారు. చైనీయులు ఆ ధ్వనిని ‘కష్టం’, ‘బలం’ అనే అర్థాలున్న రెండు అక్షరాలతో రాసుకున్నారు. దాంతో అది చైనా మాటే అనుకునేవాళ్లూ ఉన్నారు. అర్థం విషయంలోనే మనం ఎక్కువ జాగ్రత్త పడాలి. తెలుగులో కూలీ అంటే ఇవాళ ఒకరి పొలంలో, రేపు ఇంకొకరి పొలంలో పని చేసుకోగలిగిన మనిషి. 1847 నుంచి 1874 దాకా క్యూబా తోటలకు తరలించిన లక్షకు పైగా చైనీయులకు ఆ వెసులుబాటు లేదు. నెలకు 4 పెసోల జీతానికి 8 ఏళ్ల ఒప్పందం వాళ్లది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడలో డర్బన్‌లో దిగిన తెలుగువాళ్లనూ తమిళులనూ నాటాల్ (దక్షిణాఫ్రికాలోని అప్పటి బ్రిటిష్ వలస) కాగితాలు ఇదే మాటతో పిలిచాయి. ఈ రెండు చోట్లా ‘ఒప్పంద కూలీ’ అని రాసి, గడువు, జీతం, ఎక్కిన రేవు పక్కనే ఇవ్వాలి. నాటాల్ ఓడల జాబితాల్లో మనిషి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు కూడా దొరుకుతాయి. అవి దొరికినచోట వాళ్లను ఊరి పేరుతో సహా పరిచయం చేయడం రాసేవాళ్ల బాధ్యత.