ఫోన్లో బర్రెను ఈనిపిస్తారా?

కరోనా కాలంలో పశువుల ఆస్పత్రులు భలే మారాయని మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముందుగా ఫోన్ చేసి టైం తీసుకోవడం, కుక్క వెంట ఒక్కరే లోపలికి పోవడం, మిగతావాళ్లు బయట కారులోనే కూర్చోవడం, మందుల చీటీ వాట్సాప్‌లో రావడం. హన్మకొండలోని పెంపుడు కుక్కల క్లినిక్‌ల వరకు ఇది మంచి పద్ధతే, కాదనను. కానీ దీన్నే పట్టుకుని, రేపు ఇంకో మహమ్మారి వస్తే పశువైద్యం మొత్తం ఫోన్ మీద, యాప్ మీద నడిపించేయొచ్చని చెప్పేవాళ్లు ఒక్కసారి ములుగు జిల్లా ఏటూరునాగారం వైపు పోయి, ఈనలేక మూలుగుతున్న బర్రె పక్కన నిలబడి ఆ మాట అనాలి.

2020 లాక్‌డౌన్‌లో పశువైద్యశాలలకు, మందులకు, టీకాలకు కేంద్రం మినహాయింపు ఇచ్చింది. అంటే ఆస్పత్రి తలుపు తెరిచే ఉంది, గొడ్డు అక్కడిదాకా ఎట్లా రావాలన్నదే ఎవరికీ పట్టలేదు. కుక్కపిల్లనైతే సంకన వేసుకుని పోవచ్చు. నాలుగైదు క్వింటాళ్ల బర్రెను తీసుకుపోవాలంటే ట్రాలీ ఆటో దొరకాలి, ఎక్కించడానికి నలుగురు రావాలి, ఆ నలుగురూ ఒకే బండి మీద పోతుంటే చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఊరుకోవాలి.

ఫోన్ వైద్యం అనేవాళ్లు అసలు కాన్పు చూశారా అని నాకు అనుమానం. దూడ అడ్డం తిరిగిందంటే డాక్టరు చెయ్యి భుజం దాకా లోపలికి పోవాలి, మడతపడిన తలను వెతికి సరిచేయాలి, కాళ్లకు తాడు వేయాలి, ఆసామి, పక్కింటివాళ్లు కలిసి లాగాలి. అంతసేపూ అందరి ముఖాలు జానెడు దూరంలో ఉంటాయి, మాస్కు చెమటకు తడిసి ముక్కుకు అతుక్కుపోతుంది. రెండు గజాల దూరం అనే మాట అక్కడ నవ్వులాట. ఒంట్లో కాల్షియం తగ్గి, పాలజ్వరంతో పడిపోయిన బర్రెకు కాల్షియం నరానికి ఎక్కించాలి, అదీ గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా, ఎందుకంటే తొందరపడితే గుండే ఆగిపోవచ్చు. వీడియో కాల్‌లో ఈ పని ఎవరు చేస్తారు, సర్పంచా?

ఎద సంగతి ఇంకా ఘోరం. బర్రె ఎదకు వస్తే పైకి సరిగా కనపడదు, కనిపెట్టినా చూడి కట్టించే సూది వేయించడానికి ఒక రోజుకు మించి టైం ఉండదు. అది తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. ఆగినన్ని రోజులు వట్టిపోయిన గొడ్డును మేపుతూ కూర్చోవాలి, చేతికి పైసా రాదు.

ఫోన్ వల్ల అనవసర తిరుగుడు తగ్గిందని, డాక్టర్లకు జబ్బు అంటుకునే ప్రమాదం తగ్గిందని అంటారు. నిజమే, చిన్నా చితకా వాటికి పనికొచ్చింది. కానీ ఫోన్లో చెప్పిన మందును చివరికి వేసేది ఊళ్లో సూదులు వేసే మనిషే కదా. ఎంత వేశాడో, ఎన్ని రోజులు వేశాడో ఎవరికీ తెలియదు, ఆ మందు కలిసిన పాలు మాత్రం ఆ సాయంత్రమే పాల సేకరణ కేంద్రానికి పోతాయి.

నన్నడిగితే దీనికి జవాబు కరోనాకు ముందే మన దగ్గర ఉంది. 2017లో తెలంగాణలో 1962 ఫోన్ నంబరుతో సంచార పశువైద్య వాహనాలు వచ్చాయి, నియోజకవర్గానికొకటి లెక్కన వంద బండ్లు. గొడ్డు దగ్గరికే డాక్టరు పోవాలన్న ఆలోచన అది. మహమ్మారి వచ్చినప్పుడు రెట్టింపు చేయాల్సింది వాటినే.

డబ్బుల్లేవు, మనుషుల్లేరు అనే మాట నేను నమ్మను. అదే 2020 యాసంగిలో వడ్ల కొనుగోలు కేంద్రాలు ఊళ్లలోనే పెట్టారు, రైతులకు టోకెన్లు ఇచ్చారు, రోజూ ప్రెస్‌మీట్లలో దాని గురించే మాట్లాడారు. లాక్‌డౌన్‌లోనే సర్కారు వడ్ల కోసం ఊరికి రాగలిగింది. పాడి దగ్గరికి వచ్చేసరికి ఆ ఊపు ఎందుకు లేదు? వడ్లు పట్టా ఉన్నవాళ్లవి, ఆ పట్టా ఎక్కువగా మొగవాళ్ల పేరు మీద ఉంటుంది. పాలు ఆడవాళ్లవి, గుంట భూమి లేనివాళ్లవి. ములుకనూరు మహిళా డెయిరీని చూసి మురిసిపోతాం, పెద్దలొస్తే తీసుకుపోయి చూపిస్తాం, కానీ పొద్దున్నే క్యాన్ పట్టుకుని నిలబడే ఆ మహిళను రైతు అనడానికి మాత్రం నోరు రాదు. రైతుబంధు కూడా పట్టాదారు పాసుపుస్తకం చూసే వచ్చింది, కొట్టం చూసి రాలేదు. పశువుల ఆస్పత్రి ఎప్పుడూ వెనక బెంచీలో ఎందుకు ఉంటుందంటే దాని గడప తొక్కేవాళ్లు మనకు లెక్కలో లేరు కాబట్టి.

ములుగు, తాడ్వాయి, మంగపేట, కొత్తగూడ, అన్నీ ఒకే నియోజకవర్గం. నియోజకవర్గానికొకటి అనే లెక్కన చూస్తే, మంగపేట నుంచి ఒక ఫోను, అదే టైంకు కొత్తగూడ నుంచి ఇంకొకటి వస్తే ఉన్న ఒక్క బండి ఎటు పోవాలి? ముందు అది చెప్పమనండి, యాప్ సంగతి తర్వాత చూద్దాం.