బాణానికి కుడివైపు చేత్తో మూసెయ్యరా

ముందే చెప్పేస్తున్నా, ఇది ఆన్‌లైన్ క్లాసుల్ని తిట్టే పోస్టు కాదు. సగమే తిట్టే పోస్టు.

ఆదివారం మధ్యాహ్నం అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మావాడు, అంటే అక్క కొడుకు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మంచం మీద బోర్లా పడుకుని ఫోన్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ క్లాసు చూస్తున్నాడు. అదీ రెండింతల స్పీడులో. పాపం ఆ సారెవరో, ప్లాట్‌ఫారం మీద రైలు కదిలిపోతుంటే చివరి మాటలు చెబుతున్నవాడిలా ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతున్నాడు. పక్కన నోట్‌బుక్కు. ముత్యాల్లాంటి అక్షరాలు, రెండు రంగుల పెన్నులు, ఏం కలిపితే ఏమొస్తుందో చూపే రియాక్షన్ బాణాలు కూడా స్కేలు పెట్టి గీశాడు.

"హాలోఆల్కేన్లు, ఈథర్లు రెండూ అయిపోయాయి పిన్నీ. ఇంక ఆల్డిహైడ్లే."

"అయిపోయాయా? సరే అయితే. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్‌లో సోడియం మెథాక్సైడ్ వేశాం. ఏమొస్తుంది?"

"విలియమ్సన్! ఈథర్ వస్తుంది." అర సెకను కూడా పట్టలేదు.

"రాదు."

"సారే చెప్పారు పిన్నీ, కావాలంటే చూడు."

చూశాం. వెనక్కి జరిపి, మామూలు స్పీడులో పెట్టి. సార్ చెప్పాడు, నిజమే, ఆల్కైల్ హాలైడ్‌లో సోడియం ఆల్కాక్సైడ్ వేస్తే ఈథర్, అదే విలియమ్సన్ రియాక్షన్ అని. ఇరవై నిమిషాల తర్వాత అదే వీడియోలో అదే సార్ ఇంకో మాట కూడా చెప్పాడు. హాలైడ్ టెర్షియరీ అయితే హాలోజన్‌ని పట్టుకున్న కార్బన్ చుట్టూ మూడు కార్బన్ గ్రూపులు, ఇక్కడైతే మూడు మిథైల్‌లు, కాపలా ఉంటాయి, మెథాక్సైడ్‌కి లోపలికి దూరే సందు ఉండదు, పైగా అది బలమైన క్షారం కూడా కాబట్టి పక్క కార్బన్ మీదున్న హైడ్రోజన్‌ని లాక్కుంటుంది, చివరికి మిగిలేది 2-మిథైల్‌ప్రొపీన్ అని. ఆ ఈథరే కావాలంటే జత మార్చుకోవాలి, టెర్షియరీ బ్యూటాక్సైడ్‌ని మిథైల్ బ్రోమైడ్ మీదికి పంపాలి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోనూ ఉన్న ముక్కే ఇది. మావాడి నోట్సులో కూడా ఉంది, గులాబీ రంగు పెన్నుతో! వాడు విన్నాడు, రాసుకున్నాడు, చుట్టూ డబ్బా కూడా గీశాడు. అడిగితే మాత్రం ఈథర్ అన్నాడు.

దీనికి వాణ్ణి తిట్టి లాభం లేదు. బాణం గీసిన మరుక్షణం సార్ కుడివైపు జవాబు రాసేస్తుంటే బుర్రకి మిగిలే పని తల ఊపడమే. స్కోరు తెలిసిపోయిన మ్యాచ్‌ని రాత్రి హైలైట్స్‌లో చూస్తూ "ఈ బాల్‌కి అవుటవుతాడని నేను ముందే అనుకున్నా" అంటాం చూడండి, అచ్చం అలాగే. జవాబు కళ్ళముందు ఉన్నప్పుడు అందరూ జ్యోతిష్కులే.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. మాకు రియాక్టెంట్లు క్రియాజనకాలు, ప్రోడక్టులు క్రియాజన్యాలు. అప్పట్లో ఏది ఏదో తికమకపడి మార్కులు పోగొట్టుకున్నా గానీ, ఇప్పుడు తలుచుకుంటే ఎంత మంచి మాటలో అనిపిస్తుంది. జనకుడెవరో తెలిస్తే పుట్టేదెవరో ఊహించొచ్చు అన్న సంగతి పేర్లలోనే ఉంది. మన వీడియోల్లో జనకుల సంగతి ఎవడిక్కావాలి, అందరికీ పుట్టిన బిడ్డ ఫొటోనే కావాలి.

"పది నిమిషాల్లో అన్ని నేమ్‌డ్ రియాక్షన్లు" అని ఒక రకం వీడియోలుంటాయి. వుర్ట్జ్, శాండ్‌మేయర్, కానిజారో, రైమర్-టీమన్ అంటూ పెళ్ళి శుభలేఖలో బంధుమిత్రుల పేర్లలా వరసగా వచ్చేస్తాయి. కింద కామెంట్లలో "ట్రిక్ సూపర్ సార్". ఆ పేర్లు ఎవరు కనిపెట్టారో చెబుతాయి గానీ, ఫ్లాస్కులో ఏం జరుగుతుందో చెప్పవు. ఇంకో విచిత్రం, రెండో గ్రూపు మూలకాలు గుర్తుండటానికి మా వీధి పిల్లలు "బేటా మాంగే కార్ స్కూటర్ బాప్ రాజీ" అని చదువుతారు. బెరీలియం, మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం. ఆ పాటి హిందీ రాక, ముందు అది బట్టీపట్టి, తర్వాత మూలకాలు బట్టీపడుతున్నారు. సరే, మూలకాల వరసకి ఆ ట్రిక్కు చెల్లుతుంది, ఎందుకంటే ఆ వరస మారదు. రియాక్షన్ అలా కాదే! ఒక మిథైల్ ఎక్కువైతే చాలు, కథే మారిపోతుంది.

అనిలీన్‌నే తీసుకోండి. అమైనో గ్రూపు కొత్తగా వచ్చే గ్రూపుని బెంజీన్ రింగులో ఆర్థో (పక్క), పారా (ఎదురు) స్థానాలకి పంపుతుందని, మెటాకి (పక్కదాని పక్క) పంపదని ప్రతి పిల్లాడికీ నోటికి వచ్చు. అదే అనిలీన్‌ని నేరుగా నైట్రేషన్ చేస్తే, అంటే నైట్రో గ్రూపు తగిలిస్తే, వచ్చేది పారా 51 శాతం, మెటా 47 శాతం, ఆర్థో కేవలం 2 శాతం. మెటా ఎక్కణ్ణుంచి ఊడిపడింది? నైట్రేషన్‌కి మనం పోసింది గాఢ ఆమ్లాల మిశ్రమం కదా, ఆ ఆమ్లం అమైనో గ్రూపుకి ఒక ప్రోటాన్ అంటగట్టేసింది. ఇప్పుడు అక్కడున్నది అనిలీన్ కాదు, అనిలీనియం అయాన్. ఎలక్ట్రాన్లు ఇచ్చే మనిషి కాస్తా లాక్కునే మనిషైపోయాడు, లాక్కునేవాడు కొత్తవాణ్ణి మెటాకే తోస్తాడు. అందుకే పారా బాగా రావాలంటే ముందు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో ఆ నైట్రోజన్‌కి ఒక ముసుగు తొడుగుతారు. "పోసింది ఏంటి, అది ముందుగా ఎవరి మీద పడుతుంది" అని ఒక్కసారి ఆగి అడుక్కున్నవాడికి ఇది తెలుస్తుంది. బట్టీ పట్టినవాడికి నైట్రో అనిలీన్ దగ్గర వంద మార్కులూ జారిపోతాయి. వంద కాదులెండి, నాలుగు. జేఈఈ మెయిన్ అయితే తప్పుకి ఇంకొకటి కోత.

హెచ్‌బీఆర్ (హైడ్రోజన్ బ్రోమైడ్) కథ ఇంకా బాగుంటుంది, వీడియోల్లో మాత్రం ఒక్క లైనే: "పెరాక్సైడ్ ఉంటే ఆంటీ మార్కోనికాఫ్, గుర్తుపెట్టుకోండి". హెచ్‌బీఆర్ లాంటిది డబుల్ బాండ్ మీద చేరితే దాని హైడ్రోజన్, ఎక్కువ హైడ్రోజన్లున్న కార్బన్‌కే పోతుందనే మార్కోనికాఫ్ నియమం 1870 నాటిది. ఆ తర్వాత దశాబ్దాలపాటు కెమిస్టులు తల పట్టుకున్నారు. అవే రెండు పదార్థాలు కలిపితే ఒకరికి ఒక ప్రోడక్టు, ఇంకొకరికి వేరే ప్రోడక్టు. చివరికి చికాగో విశ్వవిద్యాలయంలో ఖరాష్, మేయో ఇద్దరూ ఎలైల్ బ్రోమైడ్ మీద కూర్చుని 1933లో తేల్చారు. దొంగ ఎవరంటే గాలి. సీసాలో గాలి తగిలి పాతబడిన ఎలైల్ బ్రోమైడ్‌లో కొద్దిగా పెరాక్సైడ్లు చేరి, రియాక్షన్ వేరే దారి పట్టేది. చూశారా, ప్రోడక్ట్ ఊహించడంలో అంతంత పెద్దవాళ్ళే బోల్తాపడి, ఎందుకు పడ్డామా అని వెతుక్కుంటేనే ఆ లైను పుట్టింది. మనం ఆ వెతుకులాటంతా తీసేసి లైను మాత్రం ఫ్లాష్‌కార్డు మీద వేశాం. అది హెచ్‌బీఆర్‌కే ఎందుకు, హెచ్‌సీఎల్‌కి ఎందుకు పనిచెయ్యదు అని అడిగితే మావాడు ఫోన్ వైపు చూశాడు.

ఇదంతా వింటూ మా చిన్నది, అక్క కూతురు, పదో తరగతి, దూరింది మధ్యలో. "పిన్నీ, నన్నడుగు." సరే, సోడియం క్లోరైడ్ ద్రావణంలో పొటాషియం నైట్రేట్ ద్రావణం కలిపితే?

"ద్వంద్వ వియోగం. సోడియం నైట్రేట్, పొటాషియం క్లోరైడ్." చకచకా జతలు మార్చేసింది, తుల్యం కూడా చేసేసింది.

ఏమీ జరగదే తల్లీ! నాలుగు అయాన్లూ నీళ్ళలో ఎవరి మానాన వాళ్ళు తిరుగుతుంటాయి. అవక్షేపం పడదు, వాయువు రాదు, కొత్తగా నీరూ పుట్టదు. సిల్వర్ నైట్రేట్ పోసుంటే తెల్లగా సిల్వర్ క్లోరైడ్ దిగేది, అది వేరే సంగతి. దాని మొహం చూడాలి. "ఏమీ జరగదు అని జవాబు రాయొచ్చా?" అంది, అదేదో బూతుమాట అయినట్టు. నేను చూసిన ఒక్క క్లాసులో కూడా బాణం గీసి, కుడివైపు ఖాళీ వదిలి, "ఇంతే, ఇక్కడేం రాదు" అన్న సారు లేడు. బాణం గీశారంటే ఏదో ఒకటి పుట్టి తీరాలి అని పిల్లల నమ్మకం. రాగి ముక్క తీసుకెళ్ళి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసినా హైడ్రోజన్ వస్తుందనే రాస్తారు.

అంత మాటన్నాను కదా, నా సంగతీ చెప్పుకోవాలి. నేను ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు. జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ ఆర్ అండ్ డీలో చేరిన కొత్తలో, ఒక ఆల్కహాల్ మీద ఐసోప్రొపైల్ గ్రూపు తగిలించమన్నారు. విలియమ్సనే కదా, ఎడమ చేత్తో చేస్తాననుకున్నా. సోడియం హైడ్రైడ్ కొంచెం కొంచెంగా వేశా, బబ్లర్‌లో బుడబుడమని హైడ్రోజన్ పోయింది, ఆగింది. ఐసోప్రొపైల్ బ్రోమైడ్ వేశా. మళ్ళీ బుడగలు. ఆహా, హైడ్రైడ్ ఇంకా మిగిలినట్టుంది అనుకున్నా. టీఎల్‌సీ (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చుక్కల్లో చూపే పరీక్ష) పెట్టి చూస్తే స్టార్టింగ్ మెటీరియల్ స్పాట్ ఎక్కడిదక్కడే. ఇంకొంచెం హైడ్రైడ్, ఇంకొంచెం బ్రోమైడ్. బుడగలు. స్పాట్ అక్కడే. రెండో రోజు సాయంత్రం మా గ్రూప్ లీడర్ సార్ ఫ్యూమ్‌హుడ్ ముందు నిలబడి అడిగారు.

"ఏం గ్యాసమ్మా అది?"

"హైడ్రోజన్ సార్."

"రెండు రోజుల్నుంచా?"

అంతే, కాళ్ళకింద నేల కదిలింది. అది ప్రొపీన్. నా ఆల్కాక్సైడ్ ఆ సెకండరీ హాలైడ్ మీదికి దూకడం మానేసి దాని హైడ్రోజన్ లాక్కుని మళ్ళీ ఆల్కహాల్ అయిపోతోంది, బ్రోమైడ్ కాస్తా ప్రొపీన్‌గా గాల్లో కలిసిపోతోంది. సీసాడు బ్రోమైడ్ బబ్లర్‌లోంచి ఊదేశాను. ఇలా హైడ్రోజన్, బ్రోమిన్ రెండూ ఊడిపోయే ఎలిమినేషన్ గురించి నేను చదవలేదా? పరీక్షలో ఎనిమిది మార్కుల ప్రశ్నకి జవాబు రాశాను. కాకపోతే ఆ ప్రశ్నలోనే "ఎలిమినేషన్" అని ఉంది. ఫ్లాస్కు మీద ఏ చాప్టరో రాసి ఉండదు.

ఇప్పుడు మీరనొచ్చు, ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకి 160 ప్రశ్నలు, అక్కడ ఎలక్ట్రాన్లెటు పోతాయా అని వంకర బాణాలు గీసుకుంటూ కూర్చుంటే ఎలా అని. మా అక్క కూడా అదే అంది, "నీ కబుర్లకేం, ర్యాంకు ఎవరిస్తారు" అని. అక్కకి నేను చెప్పిందే ఇక్కడా చెబుతున్నా. పరీక్షలో గీయక్కర్లేదు. ఇంట్లో వందసార్లు గీసినవాడికి అక్కడ కంటితో కనబడుతుంది, ఎవరి దగ్గర ఎలక్ట్రాన్లు మిగులున్నాయి, ఎవరికి కొరత, ఎవరు సామాను సర్దుకుని వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నారు, దారిలో అడ్డం ఎవరు. గీయనివాడికి అదే ప్రశ్నలో ఇథైల్ బదులు ఐసోబ్యూటైల్ పెడితే "ఇది సిలబస్‌లో లేదు".

ఇక తిట్టని సగం. మా రోజుల్లో లెక్చరర్ బోర్డు తుడిపేస్తే అంతే సంగతులు. ఒక గ్రూపు ఊడి దాని చోట ఇంకోటి చేరే ఎస్ఎన్2 రియాక్షన్‌లో వెనకనుంచి దాడి జరిగి కార్బన్ మిగతా మూడు చేతులూ గాలికి గొడుగు తిరగబడ్డట్టు తిరగబడతాయని ఆయన సుద్దముక్కతో ఎంత గీసినా నాకు ఎక్కలేదు. ఇప్పుడు యానిమేషన్‌లో పది సెకన్లలో కనిపిస్తుంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో పైసా ఖర్చు లేకుండా ఉన్నాయి. కెమిస్ట్రీ లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉన్న ఊళ్ళో పిల్లకి అది వరమే. తెలుగులో ఆ స్థాయిలో, ఆ ఓపికతో చెప్పినవి ఇంకా బోలెడు కావాలి, అది నా పాత గోల, ఇంకో రోజు ఏడుస్తా.

వీటన్నిటికంటే గొప్పది ఇంకోటుంది, ఏ క్లాస్‌రూములోనూ దొరకనిది. పాజ్ బటన్. లెక్చరర్ని "సార్, బాణం గీసి ఒక్క రెండు నిమిషాలు ఆగండి, నేను ఆలోచించుకుంటా" అనగలిగామా మనం ఎప్పుడైనా? ఈ పిల్లలు అనొచ్చు, వేలితో. అది వదిలేసి స్పీడు బటన్ పట్టుకున్నారు.

పాఠాలు చెప్పే సార్లకి, మేడమ్‌లకి కూడా ఒక దండం. బాణం గీశాక ఒక్క పది సెకన్లు నోరు కట్టేసుకోండి. లైకులు తగ్గవు. అప్పుడప్పుడూ మీరూ తప్పు ప్రోడక్ట్ రాసి, కొట్టేసి, ఎందుకు తప్పయిందో చెప్పండి. నీటుగా ఎడిట్ చేసిన వీడియోలో ఆ కొట్టివేతలే కత్తిరించేస్తున్నారు, అసలు పాఠం అక్కడుంది.

మావాడికి ఒక పని పెట్టొచ్చాను. స్పీడు ఒకటి. బాణం పడగానే ఆపడం. కుడివైపు ఏమొస్తుందో పెన్నుతో రాయడం, పెన్సిల్ కాదు. పుస్తకంలో చూస్తుంటే అరచేత్తో కుడివైపు మూసెయ్యడం. తప్పైతే చెరపకుండా పక్కన ఒక్క వాక్యం, ఎందుకు తప్పు అని. "అలాగైతే గంట క్లాసుకి మూడు గంటలు పడుతుంది పిన్నీ" అన్నాడు. పడుతుంది మరి.

మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నిన్న రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో ఒక ఫొటో. అనిసోల్ అనే ఈథర్‌లో హెచ్ఐ (హైడ్రోజన్ అయొడైడ్). బాణం, ఈసారి స్కేలు లేకుండా. కుడివైపు మొదట అయొడోబెంజీన్ అని రాసి, అడ్డంగా కొట్టేసి, కింద ఫినాల్, మిథైల్ అయొడైడ్ అని రాశాడు. దాని కింద మెసేజ్: "ఇంకా ప్లే నొక్కలేదు. కరెక్టేనా?"

"ఎందుకు కొట్టేశావో రాయి" అని పంపా. బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.