వధువులు మాయం

ఆషాఢం చివరి వారంలో మా మేనమామ నడిపే పెళ్లి సంబంధాల ఆఫీసులో వధువులందరూ ఒక్కసారిగా మాయమయ్యారు. వరులు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు, జీతాలతో సహా.

విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య తొంగిచూస్తే తప్ప కనపడని రెండో అంతస్తు ఆఫీసు అది. శ్రావణం వస్తోందంటే మామయ్యకి పంట చేతికొచ్చినట్టే. గాజువాక నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగుల తండ్రులు, అనకాపల్లి నుంచి బెల్లం వ్యాపారులు తడిసిన గొడుగులు దులుపుకుంటూ మెట్లెక్కుతారు. సరిగ్గా అలాంటి రోజునే కంప్యూటర్‌లో ‘వధువులు’ అని నొక్కితే తెల్లటి తెర మీద ఒక్క ఇంగ్లిష్ వాక్యం ప్రత్యక్షమైంది. ‘వధువులు’ అనే టేబుల్, అంటే వివరాల పట్టిక, క్రాష్ అయినట్టు గుర్తుపడింది, రిపేరు చేయాలి అని దాని భావం. పక్కన ఎర్రర్ నంబరు 145.

మామయ్య వెంటనే నాకు ఫోన్ కొట్టి, "ఒరేయ్, ఆడపిల్లలంతా పోయార్రా, ఉన్నపళంగా బయల్దేరు" అన్నాడు. నేనప్పుడు మద్దిలపాలెం దగ్గర సిటీ బస్సులో ఉన్నాను. మామయ్య గొంతుకి స్పీకర్‌తో పనిలేదు. పక్క సీటావిడ నా వైపు జాలిగా చూసి, తన కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నేను వెళ్లేసరికి రోగ నిర్ధారణ పూర్తయిపోయింది. కింద జిరాక్సు షాపాయన వైరస్ అని తేల్చేశాడు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా బావమరిది, ఎవరో పోటీ బ్యూరో వాళ్లు హ్యాక్ చేశారన్నాడు. అటెండరుది వేరే సిద్ధాంతం. "కొత్త బళ్లన్నీ సంపత్ వినాయకుడి గుడికాడికి తీస్కెళ్తారు గదా బాబూ. ఈ కంపూటర్ని తీస్కెళ్లనేదు. అప్పుడే సెప్పినాను" అన్నాడు. అత్తయ్య ఫోన్‌లోనే, "ఆషాఢంలో సంబంధాలు చూస్తే అంతే మరి" అని పెట్టేసింది. ఇన్నింటిలో కొట్టిపారేయలేనిది అత్తయ్యదొక్కటే అనిపించింది నాకు. ఎందుకంటే ఆషాఢంలోనే గాలివాన, గాలివానలోనే కరెంటు కోత.

ఆ సాఫ్ట్‌వేర్ రాసిన కుర్రాడు ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. ఫీజుకి బదులు మామయ్య అతనికి సంబంధం కుదిర్చి పెట్టాడు. అటు పెళ్లీ అయిపోయింది, ఇటు మెయింటెనెన్సూ అయిపోయింది. లోపల వివరాలు దాచేది మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు. 2010లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి అందులో ఏమీ చెప్పకపోతే టేబుళ్లు ఇన్నోడీబీ పద్ధతిలో తయారవుతాయి. మధ్యలో కరెంటు పోయినా లాగ్ అనే తన చిట్టా చూసుకుని తనంతట తనే తేరుకునే రకం అది. మనవాడు ఏమీ రాయకుండా ఊరుకుని ఉంటే సరిపోయేది. పనిగట్టుకుని ప్రతి టేబుల్ కిందా మైఐసామ్ అని రాశాడు. అది పాత రకం. వేగానికి లోటు లేదు గానీ, రాస్తుండగా కరెంటు పోతే ఎక్కడ ఆగిందో దానికే తెలియదు.

మైఐసామ్ టేబుల్ అంటే డిస్కు మీద మూడు ఫైళ్లు. ఒకదాంట్లో టేబుల్ నిర్మాణం, ఒకదాంట్లో అసలు వివరాలు, మూడోదాంట్లో ఇండెక్స్. మామయ్య పాత రిజిస్టరుకి గోత్రాల వారీగా పక్కన అంటించిన చీటీలున్నాయే, ఆ ఇండెక్స్ అలాంటిది. చీటీలు ఊడిపోయినా పేజీలు ఎక్కడికీ పోవు. ఈ మాట చెప్తే మామయ్య మొహంలోకి కాస్త రక్తం వచ్చింది.

ముందు చెక్ టేబుల్ అనే ఆదేశం ఇచ్చాను. మొదటి జవాబు: ఒక క్లయింటు టేబుల్‌ని వాడుతున్నాడు, లేదా సరిగా మూయలేదు.

"ఏ క్లయింటు? ఆ మర్రిపాలెం ఆయనేనా? ఫీజు కూడా సగమే కట్టాడు" అన్నాడు మామయ్య.

క్లయింటంటే మనిషి కాదు, టేబుల్‌ని తెరిచే ప్రోగ్రామనీ, ఇండెక్స్ ఫైలు మొదట్లో ఈ టేబుల్‌ని ఎంతమంది తెరిచారో ఒక లెక్క ఉంటుందనీ, మార్పులు చేస్తూ మధ్యలో సర్వర్, అంటే డేటాబేసుని నడిపే ప్రోగ్రాము, చచ్చిపోతే ఆ లెక్క సున్నాకి రాదనీ విడమరిచి చెప్పాను. ఆయన తల ఊపుతూనే మర్రిపాలెం ఆయన పేరు పక్కన ఎర్ర ఇంకుతో గీత పెట్టుకున్నాడు.

రెండో జవాబు ఇంకా ఘోరం. ఇండెక్స్‌లో ఒక గుర్తు, డేటా ఫైలు పొలిమేర దాటి ఎక్కడో లేని రికార్డుని చూపిస్తోంది.

"పొలిమేర దాటిందా? ఎన్నారై సంబంధమేమో సరిగ్గా చూడరా."

ఇంతకీ సర్వర్‌ని చంపుతున్నదెవరు? ఆ సంగతి ఆరా తీస్తే అటెండరు గర్వంగా ఒప్పుకున్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఆఫీసు కిటికీలు ఎగిరిపోయాయి. ఆనాటి నుంచి అతనిదో నియమం. చెట్టుకొమ్మ కదిలిందంటే మెయిన్ స్విచ్ దించేస్తాడు. కదలకపోయినా రాత్రి ఎనిమిదింటికి ఎలాగూ దించేస్తాడు. కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేయడం అతని డ్యూటీలో లేదు. యూపీఎస్ ఉంది గానీ, మా ఊరి ఉప్పుగాలికి దాని బ్యాటరీ టెర్మినళ్లకి ఎప్పుడో తుప్పు పట్టింది. ఇప్పుడు దాని మీద ప్లాస్టిక్ పూలకుండీ ఉంటోంది.

రిపేరుకి ముందు మూడు ఫైళ్లనీ వేరేచోట కాపీ పెట్టుకోవాలి. రిపేరులోనే డేటా పోవచ్చని మైఎస్‌క్యూఎల్ మాన్యువలే హెచ్చరిస్తుంది. సర్వర్ ఆపి కాపీ మొదలుపెడితే పెన్‌డ్రైవ్‌లో చోటు లేదంది. ఆ బెంగళూరు మహానుభావుడు అమ్మాయిల ఫొటోలు కూడా టేబుల్‌లోనే కుక్కాడు మరి. పెన్‌డ్రైవ్ నిండా అత్తయ్య భజనలు, మనవరాలి ఓణీల ఫంక్షన్ వీడియో. ఏది తీసేయాలన్న దాని మీద మామయ్యకీ అత్తయ్యకీ ఫోన్‌లో చర్చ జరిగింది. చర్చ అని నేను మర్యాదకి అంటున్నాను. చివరికి కింద షాపులో కొత్త పెన్‌డ్రైవ్ కొన్నాం. వైరస్ సిద్ధాంతకర్త ఒక్క రూపాయి తగ్గించలేదు.

ఈలోగా బావమరిది సెల్‌లో ఏదో చదివి ఉత్సాహంగా లేచాడు. "బావా, ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ అని ఒకటుంది. ఒకటి నుంచి ఆరు దాకా పెట్టొచ్చంట. డైరెక్టుగా ఆరు పెట్టేద్దాం."

"ఒరేయ్, నాలుగు గానీ ఆపైన గానీ పెడితే డేటా శాశ్వతంగా పాడవ్వొచ్చని దాని కిందే రాసుంటుంది, చదువు. పైగా ఇది ఇన్నోడీబీ కాదు."

"మరి ఏడు లేదా?"

కాపీ అయ్యాక సర్వర్ మళ్లీ ఎక్కించి, రిపేర్ టేబుల్ అని కొట్టాను. అది మంచి రికార్డుల్ని ఒక్కొక్కటే ఏరి తాత్కాలిక ఫైల్లోకి రాసుకుంటూ, ఇండెక్స్‌ని మొదటి నుంచీ కట్టుకొస్తుంది. ఫొటోల బరువుకి ఆ పాత మెషిన్ మూలుగుతోంది. మామయ్య ముంత మసాలా తెప్పించాడు. నేను ఖాళీగా ఉండలేక మైఎస్‌క్యూఎల్ పుట్టుక చెప్పాను. ఫిన్లాండు దేశస్థుడు మైకేల్ విడేనియస్, అందరూ మాంటీ అంటారు, తన కూతురు ‘మై’ పేరు దానికి పెట్టాడు. తర్వాత మరియాడీబీ అని ఇంకోటి తెచ్చి దానికి రెండో కూతురు మరియా పేరు పెట్టాడు.

"ఇద్దరు ఆడపిల్లలా?" మామయ్య చెయ్యి దానంతట అదే రిజిస్టరు వైపు వెళ్లింది. "పెద్దమ్మాయి నక్షత్రం?"

అప్పుడే బీచ్ వైపు నుంచి ఈదురుగాలి లేచింది. కిటికీ రెక్క టపామని కొట్టుకుంది. నేను "వద్దూ" అని అరిచేలోపు గదంతా చీకటైంది. చీకట్లోంచి అటెండరు గొంతు మాత్రం నిబ్బరంగా వినపడింది. "దించేసినాను బాబూ. భయమేటి నేదు."

మామూలు కరెంటు కోత వేరు, రిపేరు మధ్యలో కోత వేరు. రిపేర్ టేబుల్ నడుస్తుండగా సర్వర్ పోతే, మళ్లీ లేవగానే ఆ టేబుల్ మీద ఇంకే పనీ చేయకుండా ముందు రిపేరే చేయాలి. లేకపోతే డేటా ఎక్కడుందో తెలియని కొత్త ఇండెక్స్ తయారై ఉండి, తర్వాత రాసే మొదటి రికార్డు పాతవాటి మీదే పడొచ్చు. నేనిది వణుకుతున్న గొంతుతో చెప్తున్నాను. మెయిన్ ఎత్తారు, లైట్లు వెలిగాయి, కంప్యూటర్ లేచింది. మామయ్య కుర్చీ లాక్కుని సాఫ్ట్‌వేర్ తెరవబోతున్నాడు.

"ఒక్క అమ్మాయిరా. పెందుర్తి సంబంధం. పొద్దున్నుంచి కాగితం మీదే ఉంది. ఎక్కించేసి లేస్తాను."

"ఆ ఒక్క అమ్మాయి మిగతా అందరి మీదా కూర్చుంటుంది మామయ్యా!"

మేనమామని కుర్చీలోంచి చేతులతో లేపడం మా ఇంటా వంటా లేదు. అందుకని కీబోర్డే పీక్కున్నాను. బావమరిదిని మెయిన్ స్విచ్ దగ్గర కాపలా పెట్టాను. అటెండరు అతని పక్కనే నిలబడి, ఇంత గాలిలో స్విచ్ ఎత్తి ఉంచడం ఎంత పాపమో నచ్చచెబుతూ ఉన్నాడు. ఈసారి రిపేరు చివరిదాకా నడిచి ‘ఓకే’ అంది. దాని పైన ఒక హెచ్చరిక కూడా పెట్టింది. రికార్డుల సంఖ్య మారిందట. పదకొండు తగ్గాయి.

"పదకొండు మందే కదా" అన్నాడు బావమరిది. మామయ్య వాడివైపు చూసిన చూపు నేనింతవరకు ఏ సినిమాలోనూ చూడలేదు.

ఆ పదకొండు మందీ ఎవరో కాగితం రిజిస్టరుతో పోల్చుకుంటే తేలుతుంది గానీ, ఫొటోలు? అవి కాగితం మీద లేవు. కాబట్టి మర్నాడు పొద్దున్నే పెన్‌డ్రైవ్‌లోని కాపీని వేరే ఫోల్డర్‌లో దింపి, దాని మీద మైఐసామ్‌చెక్ అనే పనిముట్టుని ఎక్స్‌టెండ్ పద్ధతిలో తోలాను. అది డేటా ఫైల్లో రికార్డులా కనపడే ప్రతి ముక్కనీ బయటికి లాగుతుంది. దాంతోపాటు బోలెడు చెత్త కూడా వస్తుంది. వేరే దారి లేనప్పుడు తప్ప దీని జోలికి పోవద్దని మాన్యువల్ చెప్పేది అందుకే. పోయినవాళ్లలో చాలామంది ఫొటోలతో సహా దొరికారు. చెత్త కూడా దొరికింది.

అందులో ఒక రికార్డు ముందు మేం ఆగిపోయాం. పేరు ‘లక్ష్మీ ప్ర’. అక్కడికే తెగిపోయింది. చదువు: సెక్టార్ 6, ఎంవీపీ కాలనీ. నక్షత్రం: బీటెక్. గోత్రం గడిలో ఐదడుగుల మూడంగుళాలు. జీతం గడిలో ఎవరిదో పది అంకెల సెల్ నంబరు వచ్చి పడింది. కామాలు పెట్టి చూపించడం ఆ సాఫ్ట్‌వేర్‌కి అలవాటు కాబట్టి, తొమ్మిది వందల కోట్ల పైచిలుకు అని తెర మీద మెరుస్తోంది.

తీసేద్దామని నేను మౌస్ కదిపేసరికి, వెనకాల దగ్గు వినపడింది. అనకాపల్లి బెల్లం వ్యాపారి గారు. ఎప్పుడొచ్చారో, కళ్లజోడు నుదుటి మీదకి తోసి తెరనే చదువుతున్నారు.

"ఈ అమ్మాయి వివరాలు ఒక ప్రింటు తీస్తారా బాబూ?"

"ఇది చెడిపోయిన రికార్డండీ. చూడండి, నక్షత్రం బీటెక్ అని ఉంది."

"పర్లేదు. మేం నక్షత్రాలు అంత పట్టించుకోం."

"గోత్రం ఐదడుగుల మూడంగుళాలండీ!"

"మా గోత్రం కాదుగా, అదే చాలు."

నేను మామయ్య వైపు తిరిగాను. మామయ్య నా వైపు చూడకుండా సొరుగులోంచి రసీదు పుస్తకం తీసి, "రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం ముందే కట్టాలండి" అన్నాడు.