సవరణ: డ్రాఫ్టు వయసు గడువు సెప్టెంబరు 15

మిన్నెసోటా హైస్కూల్ ఐస్ హాకీలో కుర్ర డిఫెన్స్‌మన్‌ను (ప్రత్యర్థుల దాడిని అడ్డుకునే ఆటగాణ్ని) అంచనా వేయడం గురించిన నా పాత పోస్టులో, డిసెంబరు 31లోపు 18 నిండితే ఆ ఏడాది ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ హాకీ లీగ్) డ్రాఫ్టుకు, అంటే జట్లు కుర్ర ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమానికి, అర్హుడని రాశాను. అది తప్పు. లీగ్ నిబంధనల ప్రకారం 18 నిండాల్సిన గడువు సెప్టెంబరు 15. అంటే 2008 సెప్టెంబరు 15న పుట్టినవాడు 2026 డ్రాఫ్టులోకి వస్తాడు, మర్నాడు పుట్టినవాడు 2027 దాకా ఆగాలి. నిదానంగా ఎదిగే డిఫెన్స్‌మన్‌కు ఆ అదనపు సీజన్ చిన్న విషయమేమీ కాదు.

ఇంకోటి: అదే పోస్టులో ‘గ్యాప్ చూడండి’ అన్నదాన్ని కొందరు గట్టిగా ఢీకొట్టడం అనుకున్నారు. నేనన్నది డిఫెన్స్‌మన్‌కూ, దూసుకొచ్చే ప్రత్యర్థికీ మధ్య దూరం గురించి. ప్రత్యర్థి మన బ్లూలైన్ (మన గోలు వైపు భాగం మొదలయ్యే నీలి గీత) దాటేసరికి, వెనక్కి స్కేట్ చేస్తున్న కుర్రాడు కర్ర చాపితే పక్ (ఆటలో వాడే రబ్బరు బిళ్ళ) అందాలి. ఎడం ఎక్కువైతే షాట్‌కు చోటిచ్చినట్టే. మరీ దగ్గరైతే పక్కనుంచి దాటేస్తారు.